ఆన్‌లైన్ దరఖాస్తులో స్టైలస్ మొరాయిస్తోందా? ఇలా చేసి చూడండి

ఫోన్‌లో దరఖాస్తు అంతా నింపారు. చివర్లో ‘పై వివరాలు నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అన్న గడిలో స్టైలస్‌తో టిక్ పెడితే పడటం లేదు. సంతకం చేయబోతే పేజీ జారిపోతోంది. గడువు ఆ రోజుతోనే ముగుస్తుంటే కంగారు సహజం. తప్పు మీ చేతిదే అనుకోకండి. పేజీ తయారీలోనే లోపం ఉండొచ్చు.

అన్ని స్టైలస్‌లూ ఒకటేనా?

కాదు. రబ్బరు మొన ఉన్న మామూలు పెన్నును ఫోన్ వేలిగానే భావిస్తుంది. రాసేటప్పుడు అరచేయి తగిలితే తికమక పడుతుంది. శాంసంగ్ ఎస్ పెన్, యాపిల్ పెన్సిల్ వంటివాటిని మాత్రం అవి పనిచేసే పరికరాలు పెన్నుగానే గుర్తిస్తాయి. అయితే వీటికీ పేజీ సహకరించాలి.

టిక్ ఎందుకు పడదు?

గాజుపై మొన కాస్త జారుతుంది. ఆ కదలికను పేజీ నొక్కడంగా కాక లాగడంగా తీసుకుంటే టిక్ పడదు. గడి చిన్నదైతే పక్కదానిపై పడుతుంది. అందుకే 2023 అక్టోబరులో వచ్చిన వెబ్ ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.2, కొన్ని మినహాయింపులతో, నొక్కే చోటు కనీసం 24×24 పిక్సెళ్లు ఉండాలంటోంది. ఆండ్రాయిడ్ యాప్‌లకు గూగుల్ సూచించే కొలత 48×48 డీపీ.

సంతకం చేస్తే పేజీ ఎందుకు కదులుతుంది?

మీరు గీసే గీతను బ్రౌజర్ స్క్రోల్ అనుకుంటుంది. సంతకం గడిలో స్క్రోల్ పనిచేయకుండా చూడాల్సింది పేజీ తయారుచేసినవారే.

మీరేం చేయొచ్చు?

- టిక్ పడకపోతే గడి పక్కనున్న వాక్యంపై నొక్కండి. చాలా ఫారాల్లో అలా కూడా పడుతుంది. లేదంటే పేజీని పెద్దది చేసి, మొనను జరపకుండా తాకించండి.
- సంతకానికి ముందే ఫోన్‌ను అడ్డంగా తిప్పండి. మధ్యలో తిప్పితే గీసింది చెరిగిపోవచ్చు.
- ఓటీపీ, ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లను చేతిరాతతో కాక కీబోర్డుతోనే ఇవ్వండి. 1ని 7గా తీసుకునే ప్రమాదం ఉంది.
- సబ్మిట్ చేసే ముందు ప్రతి గడినీ సరిచూసుకోండి. రసీదు నంబరు దాచుకోండి.

అయినా పనిచేయకపోతే?

వేలితోనో, కంప్యూటర్‌లో మౌస్‌తోనో పూర్తి చేయండి. చేతులు వణికేవారికి, వేళ్లు సహకరించనివారికి స్టైలస్ సరదా కాదు, అవసరం. దివ్యాంగుల హక్కుల చట్టం-2016 ప్రకారం వారికి డిజిటల్ సేవలు అందుబాటులో ఉండాలి. కాబట్టి ఫిర్యాదుకు వెనకాడొద్దు. కేంద్ర ప్రభుత్వ సేవలైతే సీపీగ్రామ్స్ పోర్టల్‌లో చేయొచ్చు. ఫోన్ మోడల్, బ్రౌజర్, ఏ గడి దగ్గర ఆగిందో రాయండి. స్క్రీన్‌షాట్ జతచేస్తే అందులో ఆధార్ నంబరు కనిపించకుండా చూసుకోండి.