చేలో పురుగు కుట్టినప్పుడు: పల్నాడు రైతులకు జాగ్రత్తలు, ప్రథమ చికిత్స

మాచర్ల, దుర్గి, వెల్దుర్తి, కారంపూడి ప్రాంతాల్లో మిరపలో కలుపు తీసే రోజుల నుంచి పత్తి తీతలు ముగిసేదాకా రైతులు, కూలీలు రోజంతా చేలల్లోనే ఉంటారు. వానలకు గట్లమీద, సాగర్ కాలువల వెంట గడ్డి మోకాలెత్తు పెరిగేదీ ఆ రోజుల్లోనే. చీమ, కందిరీగ, తేలు ఏది కుట్టినా నొప్పితో వెంటనే తెలుస్తుంది. అసలు నొప్పే లేకుండా కుట్టే పురుగుతోనే ఎక్కువ జాగ్రత్త కావాలి.

నల్లమచ్చ, విడవని జ్వరం

2025 చివరి నెలల్లో పల్నాడుతో సహా రాష్ట్రంలోని పలు జిల్లాల్లో స్క్రబ్ టైఫస్ కేసులు బయటపడ్డాయి. దీన్ని మనిషికి అంటించేది నల్లి జాతి పిల్లపురుగు. మిరపలో ఆకుముడత తెచ్చే తెల్లనల్లి వేరు, ఇది వేరు. గడ్డిలో, పొదల్లో, ఎలుకలు తిరిగే గట్లమీద ఉంటుంది. కంటికి దాదాపు కనిపించదు. కుట్టినట్టు కూడా తెలియదు.

కుట్టిన వారం, పది రోజులకు చలితో జ్వరం, విపరీతమైన తలనొప్పి, ఒళ్లు నొప్పులు వస్తాయి. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లని చెక్కు కడుతుంది. నొప్పి, దురద ఉండవు కాబట్టి ఎవరూ గమనించరు. చంకలు, గజ్జలు, నడుము పట్టీ దగ్గర, రొమ్ముల కింద, చెవుల వెనుక ఇంట్లోవాళ్ల చేత చూపించుకోవాలి. మచ్చ కనిపించలేదని జబ్బు లేదనుకోవద్దు, చాలామందిలో అది ఉండదు.

ఈ జబ్బు మందుకు బాగా లొంగుతుంది. డాక్టర్ రాసే డాక్సీసైక్లిన్‌తో సాధారణంగా రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. జ్వరం దిగినా కోర్సు మొత్తం వాడాలి. జ్వరాలకు తరచుగా వాడే సెఫిక్సిమ్ లాంటి మందులు దీనిమీద పనిచేయవు. ఊళ్లో సెలైన్లు ఎక్కించుకుంటూ వారం గడిపేస్తే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతినవచ్చు. అందుకే మూడు రోజులకు జ్వరం తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లి "పొలం పనికి వెళ్తాను, గడ్డిలో తిరుగుతాను" అని మీరే చెప్పండి. డాక్టర్‌కు ఆ ఒక్క మాట ఎంతో ఉపయోగపడుతుంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు, రోగిని వేరుగా ఉంచాల్సిన పని లేదు.

నివారణకు పెద్ద ఖర్చేమీ లేదు. నిండు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకుని, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోవాలి. ఆడకూలీలు చీరమీద చొక్కా వేసుకోవడం ఎలాగూ ఉన్న అలవాటే, కాళ్లకు కూడా సాక్సులు వేసుకుంటే మంచిది. దోమలకు రాసే డీట్ ఉన్న క్రీము కాళ్లకు, చేతులకు రాసుకోవచ్చు. గడ్డిమీద నేరుగా కూర్చోవద్దు, పడుకోవద్దు. ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేసి, పొలం బట్టలు వేడినీళ్లలో ఉతకాలి. పురుగులు రావని చేనుకు కొట్టే మందును బట్టలకు, ఒంటికి రాసుకోవడం మాత్రం చాలా ప్రమాదం.

తేనెటీగలు, కందిరీగలు

తేనెటీగ ముల్లు చర్మంలోనే వదిలేస్తుంది. గోటితోనైనా సరే, వెంటనే గీకి తీసేయాలి. ఆలస్యమైన కొద్దీ విషం ఎక్కువ ఎక్కుతుంది. కందిరీగ ముల్లు వదలదు, మళ్లీ మళ్లీ కుడుతుంది. సబ్బుతో కడిగి, చల్లటి నీళ్ల గుడ్డ పెడితే చాలు. గుంపుగా మీదపడితే ముఖం కప్పుకుని ఇంట్లోకో వాహనంలోకో పరుగెత్తాలి. కాలువలో, బావిలో దూకొద్దు, ఈగలు పైన కాచుకునే ఉంటాయి.

పెదవులు, నాలుక వాచినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా 108కి ఫోన్ చేయాలి. ఒక్క ఈగ కుట్టినా కొందరికి ఇలా అవుతుంది. ఎన్నో ఈగలు కుట్టినప్పుడు ఈ లక్షణాలు లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

తేలు

కల్లంలో మిర్చిమీద కప్పిన పట్టాలు తెల్లవారుజామున తీసేటప్పుడు, పీకిన పత్తికట్టె మోపులు ఎత్తేటప్పుడు కర్రతో ముందు కదిలించండి. చాలా తేళ్ల నొప్పి కొన్ని గంటల్లో దానంతటదే తగ్గుతుంది, మంత్రానికి పేరొచ్చింది అందుకే. ఎర్రతేలు సంగతి వేరు. చెమటలు, వాంతులు, గుండెదడ, చేతులు చల్లబడటం కనిపిస్తే, ముఖ్యంగా పిల్లల్లో, ప్రాణాపాయం. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980ల్లో ప్రజోసిన్ మాత్ర దీనికి పనిచేస్తుందని చూపించారు. అది రక్తపోటు తగ్గించే మందు కాబట్టి డాక్టర్ పర్యవేక్షణలోనే వేయాలి. కోయడం, కట్టు బిగించడం, కిరోసిన్ పోయడం వద్దు.

కంది పూతమీద నలుపు, నారింజ చారలతో కనిపించే పెంకుపురుగును చర్మంమీద నలపకండి. దాని రసం తగిలితే బొబ్బలెక్కుతుంది, సబ్బుతో కడగాలి.

ఏది కుట్టిందో తెలియకపోతే

చీకట్లో నీళ్లు కట్టేటప్పుడు ఏదో కుట్టిందనిపించి నొప్పి పెద్దగా లేకపోతే పురుగే అని వదిలేయకండి. కట్లపాము కాటుకు నొప్పి, వాపు దాదాపు ఉండవు. కడుపునొప్పి, కనురెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం కొన్ని గంటల తర్వాత మొదలవుతాయి. అనుమానం ఉంటే లక్షణాల కోసం ఆగకుండా, నడిపించకుండా, పాము విషానికి ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి వాహనంలో తీసుకెళ్లాలి.