క్లినిక్ నుంచి రోగి వివరాలు బయటపడితే: పరిహారం అడిగే దారులు

క్లినిక్‌లో ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఆధార్, జబ్బు అన్నీ చెబుతాం. అవి కంప్యూటర్లోకి ఎక్కుతాయి. అక్కడి నుంచి హ్యాకర్ల చేతికో, సిబ్బంది ఫోన్ల ద్వారా వాట్సాప్ గ్రూపులకో చేరితే అందరికీ నష్టమే. కానీ అది అందరికీ ఒకేలా ఉండదు. చిరునామాలో ‘ఎస్సీ కాలనీ’ అని ఉన్న మనిషికి జబ్బుతో పాటు కులమూ బయటపడుతుంది. కులం అడిగి ఇల్లు అద్దెకిచ్చే పట్నాల్లో, కులం తెలిశాక చూపు మారే ఆఫీసుల్లో దీనికి చెల్లించాల్సిన మూల్యం మనకు తెలుసు. ఆ నష్టానికి పరిహారం ఎవరిని, ఏ చట్టం కింద అడగాలో ఇక్కడ వివరిస్తున్నాం.

కొత్త చట్టంలో బాధితుడికి వాటా లేదు

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. డేటాకు తగిన భద్రత కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు, లీక్ అయిన సంగతి బోర్డుకూ బాధితులకూ చెప్పకపోతే 200 కోట్ల వరకు జరిమానా వేయవచ్చు. అంకెలు పెద్దవే. అయితే సెక్షన్ 34 ప్రకారం ఆ డబ్బు మొత్తం భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ఖజానాకు పోతుంది. వివరాలు పోగొట్టుకున్న రోగికి పరిహారం ఇప్పించే అధికారం డేటా రక్షణ బోర్డుకు లేదు. ఇరుపక్షాలను మధ్యవర్తిత్వానికి పంపగలదు, అంతే. పైగా తప్పుడు ఫిర్యాదు, పనికిమాలిన ఫిర్యాదు అని తేలితే ఫిర్యాదుదారుకే 10,000 రూపాయల వరకు జరిమానా ఉంది.

కులం విషయంలోనూ వెనకడుగే పడింది. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదా, 2019లో పార్లమెంటు ముందుకొచ్చిన బిల్లు ‘సున్నితమైన వ్యక్తిగత డేటా’ జాబితాలో ఆరోగ్య సమాచారంతో పాటు కులాన్నీ, తెగనూ చేర్చాయి. 2023 చట్టం ఆ జాబితానే ఎత్తేసింది. ఇప్పుడు చట్టం దృష్టిలో ఫోన్ నంబరూ, కులమూ, హెచ్‌ఐవీ రిపోర్టూ ఒకే రకం డేటా.

మొదటి దారి: ఐటీ చట్టం సెక్షన్ 43ఏ

బాధితుడికి నేరుగా పరిహారం ఇచ్చే సెక్షన్ ఇదే. సంస్థ తన కంప్యూటర్లలోని సున్నితమైన డేటాకు భద్రత కల్పించడంలో నిర్లక్ష్యం చేసి, దాని వల్ల ఎవరికైనా నష్టం జరిగితే పరిహారం చెల్లించాలి. ఇందులో కంపెనీలే కాదు, ఒక్కరే యజమానిగా నడిపే క్లినిక్ కూడా వస్తుంది. 2011 నియమాలు ఆరోగ్య స్థితినీ, వైద్య రికార్డులనూ సున్నితమైన డేటాగా గుర్తించాయి. కులం ఆ జాబితాలో లేదు. కాబట్టి పిటిషన్‌లో కేసును వైద్య రికార్డు మీదే నిలబెట్టి, కులం బయటపడటం వల్ల కలిగిన నష్టాన్ని దాని ఫలితంగా చూపించాలి.

ఐదు కోట్ల వరకు క్లెయిములను రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి అడ్జుడికేటింగ్ అధికారిగా విచారిస్తారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే పద్ధతి. ఫీజు అడిగిన పరిహారాన్ని బట్టి పెరుగుతుంది. ఆ ఉత్తర్వు మీద 45 రోజుల్లో ఢిల్లీలోని టీడీశాట్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. సెక్షన్‌లో ఉన్నది ‘అక్రమ నష్టం’ అనే మాట. శిక్షాస్మృతిలో దాని అర్థం ఆస్తి నష్టం. అందుకే ‘పరువు పోయింది’ అని రాసి ఊరుకుంటే చాలదు. ఖాళీ చేయాల్సి వచ్చిన ఇల్లు, పోయిన అడ్వాన్సు, ఆగిపోయిన జీతం, ఆసుపత్రి మారినందుకు అయిన ఖర్చు అంకెలతో రాయాలి. రెండోది గడువు. కొత్త చట్టం 43ఏ సెక్షన్‌ను రద్దు చేస్తోంది. 2025 నవంబరు నోటిఫికేషన్ ప్రకారం ఆ రద్దు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమలవుతుంది. ఈ దారిలో వెళ్లదలచినవాళ్లు ఆలస్యం చేయకూడదు.

రెండో దారి: వినియోగదారుల కమిషన్

మా దృష్టిలో ఎక్కువమందికి అందుబాటులో ఉన్న దారి ఇదే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(47) ప్రకారం, నమ్మి చెప్పిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం అనుమతించకుండా ఇతరులకు వెల్లడించడం అనుచిత వ్యాపార పద్ధతి. కంప్యూటర్లో ఉన్న సమాచారమే కావాలన్న నియమం లేదు. రిజిస్టరు పేజీని ఫోటో తీసి పంపినా ఇది వర్తిస్తుంది. మానసిక వేదనకూ కమిషన్లు పరిహారం ఇస్తాయి.

ఫిర్యాదును రోగి నివసించే జిల్లాలోనే వేయవచ్చు. వైద్యానికి చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. కొత్త డేటా చట్టం సివిల్ కోర్టుల అధికారాన్ని తొలగించిందని క్లినిక్ వాదించవచ్చు. అదే చట్టం సెక్షన్ 38, వినియోగదారుల చట్టం సెక్షన్ 100 ఈ రెండు చట్టాలూ ఇతర చట్టాలకు అదనమే అంటున్నాయి. జవాబుగా వాటిని చూపాలి.

వైద్యం ఉచితంగా అందినవాళ్ల సంగతి? వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు 1995లో దీన్ని తేల్చింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చూసే ఆసుపత్రిలో ఉచిత రోగి కూడా వినియోగదారుడే. ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లినవాళ్లు ఈ తీర్పును ఆధారం చేసుకోవచ్చు. అందరికీ ఉచితంగా చూసే ప్రభుత్వాసుపత్రి మాత్రం ఈ చట్టం కిందికి రాదు. నామమాత్రపు ఓపీ రుసుము కట్టినా అంతే.

ప్రభుత్వాసుపత్రి అయితే

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. చాలా రోజులు ఓపీ పనులు చేతిరాతతో నడిచాయి. ఇలాంటి చోట 43ఏ అక్కరకు రాదు. అది వాణిజ్య, వృత్తి కార్యకలాపాలు చేసే సంస్థలకే వర్తిస్తుంది. పేదలు, అందులో దళితులు, ఆదివాసీలు ఎక్కువగా ఆధారపడేది ప్రభుత్వాసుపత్రుల మీదే. పరిహారం దారి ఇరుకుగా ఉన్నదీ అక్కడే.

మిగిలింది 226 అధికరణం కింద హైకోర్టులో రిట్. గోప్యత జీవించే హక్కులో భాగమని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ప్రభుత్వం ప్రాథమిక హక్కును ఉల్లంఘిస్తే రిట్‌లోనే పరిహారం ఇవ్వవచ్చని 1993లో నీలబతి బెహరా కేసు తేల్చింది. ఈ రెండింటినీ కలిపి వాదించాలి.

ప్రత్యేక చట్టాలు

హెచ్‌ఐవీ వివరాలు బయటపడితే 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం కింద రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. కోర్టులో మారుపేరుతో కేసు నడపమని అడిగే హక్కు ఉంది. గర్భస్రావం చేయించుకున్న మహిళ పేరు వెల్లడిస్తే ఎంటీపీ చట్టం సెక్షన్ 5ఏ కింద డాక్టరుకు ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. బయటపడిన వివరాలను పట్టుకుని ఎస్సీ, ఎస్టీలు కానివాళ్లు నలుగురిలో కులం పేరుతో అవమానిస్తే అది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద వేరే నేరం. 1995 నియమాల ప్రకారం ఎఫ్‌ఐఆర్ దశ నుంచే విడతలుగా ఆర్థిక సాయం అందాలి.

వెంటనే చేయాల్సిన పనులు

- వివరాలు ఎక్కడ కనిపించాయో తేదీ, సమయం, లింకుతో స్క్రీన్‌షాట్లు తీయాలి. వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఆ ఫైలును ఇతరులకు పంపకూడదు.
- మీ వైద్య రికార్డులు ఇమ్మని రాతపూర్వకంగా అడగాలి. 2002 వైద్య నైతిక నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి.
- ఏ వివరాలు పోయాయి, ఎప్పుడు తెలిసింది, సెర్ట్-ఇన్‌కు తెలిపారా అని క్లినిక్‌కు రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపాలి. 2022 ఆదేశాల ప్రకారం సంస్థలు ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలపాలి.
- సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి.
- ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ఇది చెబుతోంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి, లేదా 15100కు ఫోన్ చేయాలి.

43ఏ రద్దయ్యాక ప్రైవేటు క్లినిక్ బాధితుడికి మిగిలేది ప్రధానంగా వినియోగదారుల కమిషనే. ప్రభుత్వాసుపత్రి బాధితుడికి రిట్ ఒక్కటే. కాబట్టి కేసులు వేస్తూనే రెండు డిమాండ్లు ముందుకు తేవాలి. వసూలైన జరిమానాలోంచి బాధితులకు పరిహారం ఇచ్చేలా 2023 చట్టాన్ని సవరించాలి. తీసేసిన సున్నితమైన డేటా జాబితాను కులంతో సహా తిరిగి చేర్చాలి. విద్యార్థి సంఘాలు, హక్కుల సంఘాలు తమ దగ్గరికొచ్చిన ప్రతి ఘటననూ తేదీలతో నమోదు చేసి ఉంచితే ఈ డిమాండ్లకు బలం వస్తుంది. ఆ నమోదులో బాధితుల పేర్లు మాత్రం రాయవద్దు.