తూకమే కొలమానమైన చట్టం: గంజాయిపై భారత ప్రభుత్వ విధానం, తూర్పు హైదరాబాద్ నేపథ్యం

భారతదేశంలో గంజాయి కేసులన్నిటికీ ఆధారం, మాదకద్రవ్యాల నియంత్రణ కోసం 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం. అంతకు చాలా ముందే, గంజాయిని మితంగా వాడేవారికి చెప్పుకోదగ్గ హాని లేదని, పూర్తి నిషేధం అవసరం లేదని 1893-94 నాటి విచారణ సంఘం తేల్చింది. 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం మాత్రం వైద్య, శాస్త్రీయ అవసరాలకు మించిన వాడకాన్ని 25 ఏళ్లలో మాన్పించాలని నిర్దేశించింది. చట్టం రెంటికీ మధ్య దారి తొక్కింది. మొక్క పూత, కాయ కొసలను గంజాయి అన్నది. జిగురును చరస్ అన్నది. విడి ఆకును, గింజను వదిలేసింది. ఆకుతో చేసే భంగ్ నేటికీ రాష్ట్రాల అబ్కారీ చట్టాల కింద ఉండడానికి కారణం ఇదే.

2001 సవరణ, దాని ఫలితం

మొదట్లో గంజాయి ఎంత దొరికినా గరిష్ఠ శిక్ష ఐదేళ్లే. 2001 సవరణ శిక్షను బరువుతో ముడిపెట్టింది. కిలో వరకు స్వల్ప పరిమాణం. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. స్వల్ప పరిమాణానికి ఇప్పుడు ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నడిమి పరిమాణానికి పదేళ్ల వరకు జైలు. వాణిజ్య పరిమాణానికి కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు. 37వ సెక్షన్ వల్ల బెయిలూ దుర్లభం. హేతుబద్ధత కోసం తెచ్చిన సవరణ, స్వల్ప పరిమాణం దాటిన గంజాయి విషయంలో శిక్షను పెంచింది.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్

ఈ విధానం తీరు తూర్పు హైదరాబాద్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఏజెన్సీలో పండే సరుకు తెలంగాణ మీదుగా మహారాష్ట్ర వైపు సాగే దారుల్లో విజయవాడ రహదారి ఒకటి. ఆ రహదారిపై నగరంలోకి అడుగుపెట్టే పెద్ద కూడలి ఎల్.బి. నగర్. అక్కడికి దగ్గర్లోని దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు పేరుపడిన చోటు. రవాణా, వాడకం అనే రెండు సమస్యలూ ఒకే మెట్రో దారిలో కలుస్తున్నాయి. రంగారెడ్డి జిల్లా కోర్టులున్నదీ ఎల్.బి. నగర్‌లోనే.

అయితే కోర్టు తూచేది సరుకును. సరఫరా గొలుసులో నిందితుడి స్థానాన్ని కాదు. కూలికి సంచి మోసిన మనిషి 21 కిలోలతో పట్టుబడితే, నేరం రుజువైనప్పుడు పదేళ్లకు తక్కువ శిక్ష వేసే వీలు న్యాయమూర్తికి లేదు. సరుకు ముట్టుకోని పెట్టుబడిదారుడికీ 27ఎ సెక్షన్ అంతే శిక్ష చెబుతుంది, కానీ అతని పాత్రను రుజువు చేయడం కష్టం.

అమలు, సంస్కరణ

రాష్ట్రాలు అమలునే బలపరిచాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’తో వేల ఎకరాల గంజాయి తోటలు ధ్వంసం చేశారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలో సుమారు రెండు లక్షల కిలోల సరుకు తగులబెట్టారు. తెలంగాణ 2023లో ప్రత్యేక నార్కోటిక్స్ బ్యూరో నెలకొల్పింది. 2025లో దానికి ఈగిల్ అని పేరు మార్చింది.

కేంద్రం అంతర్జాతీయ వేదికపై ఒక మెట్టు దిగింది. 2020 డిసెంబరు 2న గంజాయిని 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోని అత్యంత ప్రమాదకర జాబితా నుంచి తొలగించే తీర్మానం 27-25 ఓట్లతో నెగ్గినప్పుడు భారత్ అనుకూలంగా ఓటేసింది. స్వదేశంలో ఆ సడలింపు లేదు. 2021 డిసెంబరు సవరణ 27ఎ సెక్షన్‌లోని ముసాయిదా దోషాన్ని సరిదిద్దడంతో ఆగింది. నార, గింజల కోసం సాగును అనుమతించే 14వ సెక్షన్‌ను ఉత్తరాఖండ్ 2018 నుంచి వినియోగించుకుంటోంది.

చట్టం మార్చకుండానే వాడదగిన మార్గం 64ఎ సెక్షన్. వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స పూర్తిచేస్తే, స్వల్ప పరిమాణం కేసులో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. ఎయిమ్స్ 2019 సర్వే ప్రకారం దేశంలో ఏడాది కాలంలో గంజాయి మొక్క ఉత్పత్తులు వాడినవారు 3.1 కోట్లు. ఇందరిని జైళ్లు బాగుచేయలేవు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ విద్యార్థికి కేసు కన్నా ముందు చికిత్స అందాలంటే 64ఎ గురించి పోలీసు స్టేషన్‌లోనే చెప్పాలి. ఎల్.బి. నగర్‌లో పట్టుబడిన కూలీకి న్యాయం జరగాలంటే మాత్రం పార్లమెంటే పూనుకుని, బరువుతో పాటు పాత్రను కూడా తూచే అధికారాన్ని కోర్టుకు ఇవ్వాలి.