తెల్ల ఎలుక ఊపిరి

ఇన్నాళ్లూ మీకు మనిషి ఊపిరితిత్తుల గురించే చెబుతూ వచ్చాను. ఉబ్బసం, క్షయ, పొగచుట్ట, వంటింటి పొగ, అన్నీ అయిపోయాయి. ఈసారి ఎలుక ఊపిరితిత్తుల గురించి రాస్తున్నానంటే కొందరికి నవ్వు రావచ్చు. నవ్వుకున్నా పరవాలేదు గాని చివరిదాకా చదవండి. ఈ చిన్న ప్రాణి దగ్గుకు మూలం తెలుసుకోవడానికి ప్రపంచానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. ఆ సంగతి తెలియక నేను చేసిన పొరపాటు ఒకటి ఇప్పటికీ నన్ను బాధిస్తూనే ఉంది.

సూర్యాపేట నుంచి ఖమ్మం వెళ్లే దారిలో మోతె ఉంది. నేనక్కడ వైద్యం చేసిన రోజుల్లో ఎలుక అంటే వరిగట్లు తొలిచే దొంగ, గాదెలో గింజలు తినే శత్రువు. మందు పెట్టి చంపవలసిందే తప్ప దానికి మందు వేయడమన్న మాట ఎవరి ఊహకూ అందదు. అటువంటి ఊళ్లో ఒకనాటి సాయంత్రం ఒక బడిపిల్లవాడు అట్టపెట్టె చంకన పెట్టుకొని వచ్చాడు. హైదరాబాదులో చదువుకుంటున్న అన్న దసరా సెలవులకు వస్తూ తమ్ముడికి రెండు తెల్ల ఎలుకలు తెచ్చి ఇచ్చాడట. వాటిలో ఒకటి పెట్టె మూలన ముడుచుకొని ఉంది. రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ముక్కు చుట్టూ, కళ్ల చుట్టూ ఎర్రటి మరక.

"సారూ, దీని ముక్కులకెల్లి నెత్తురు కారుతున్నది" అన్నాడు పిల్లవాడు.

నేనూ నెత్తురే అనుకున్నాను. రొమ్ముకు చెవి ఆనించి వింటే గరగరమన్న చప్పుడు వినిపించింది. న్యుమోనియా అని తేల్చుకొని, పసిపిల్లలకు వాడే అమాక్సిసిలిన్ చుక్కలు లెక్కగట్టి ఇచ్చాను. ఆరో రోజున ఎలుక చనిపోయింది. పిల్లవాడు ఏడవలేదు. రెండోదాన్ని పెట్టెలో పెట్టుకొచ్చి, "ఇది గూడ తుమ్ముతున్నది" అని మాత్రం అన్నాడు. నా వైద్యమంతా తప్పుదారి పట్టిందని ఆ క్షణంలో నాకు తోచింది.

మొదటి పొరపాటు ఆ ఎరుపు రంగు దగ్గరే జరిగింది. అది నెత్తురు కాదు. ఎలుక కనుగుడ్డు వెనుక హార్డర్ గ్రంథి అని ఒకటి ఉంటుంది. 1694లో యోహాన్ యాకోబ్ హార్డర్ అనే స్విస్ వైద్యుడు దానిని మొదట జింక కంటిలో వర్ణించాడు. ఆ గ్రంథి స్రావంలో పోర్ఫిరిన్ అనే వర్ణద్రవ్యం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఎలుక ముఖం కడుక్కుంటూ దాన్ని ఎప్పటికప్పుడు తుడిచేసుకుంటుంది. జబ్బు చేసినా, నొప్పి కలిగినా, బెదిరినా స్రావం ఎక్కువవుతుంది, తుడుచుకునే ఓపిక తగ్గుతుంది, మరక మిగిలిపోతుంది. కాబట్టి ఎర్రమరక కనిపించగానే నెత్తురని బెంబేలెత్తవద్దు. అలాగని ఏమీ లేదని వదిలేయనూ వద్దు. ఎలుక తన బాధను చెప్పుకునే తొలి మాట అది.

ఇంతకూ ఈ తెల్ల ఎలుక మన ముంగిట్లోకి ఎలా వచ్చిందో చూద్దాం. పందొమ్మిదవ శతాబ్దపు లండన్‌లో విక్టోరియా రాణి గారి ఎలుకలు పట్టేవాడినని చెప్పుకొన్న జాక్ బ్లాక్ అనే మనిషి ఉండేవాడు. చంపడానికి పట్టిన ఎలుకల్లో వింత రంగువి కనిపిస్తే వాటిని విడిగా పెంచి అమ్మేవాడు. మన కోస్తా జిల్లాల్లో పొలాల ఎలుకలు పట్టడంలో పేరుపొందిన యానాదులకు ఎలుక స్వభావం ఎంత తెలుసో అతనికీ అంత తెలిసి ఉంటుంది. చంపడం వృత్తిగా గలవాడే పెంపకానికి ఆద్యుల్లో ఒకడు కావడం నాకు చాలా ఇష్టమైన సంగతి. ఆ తరువాత తెల్ల ఎలుక ప్రయోగశాల చేరింది. 1906లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరపు విస్టార్ సంస్థలో దానికొక స్థిరమైన వంశం ఏర్పడింది. నేటి ప్రయోగశాలల్లోని ఎలుకల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

మన కథ మొదలయ్యేది నీలగిరి కొండల్లోని కూనూరులో. 1918లో రాబర్ట్ మెకారిసన్ అనే ఐరిష్ వైద్యుడు అక్కడ బెరిబెరి వ్యాధిపై పరిశోధన ప్రారంభించాడు. తరువాతి కాలంలో దేశంలోని వేర్వేరు ప్రాంతాలవారు తినే తిండినే ఎలుకలకు పెట్టి ఫలితం చూశాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, పచ్చి కూరలు గల పంజాబు సిక్కుల తిండి తిన్నవి పుష్టిగా పెరిగాయి. వరుసలో అందరికంటే వెనుకబడినవి మద్రాసు రాష్ట్రపు అన్నం తిన్న ఎలుకలు. ఆ రాష్ట్రంలో అప్పుడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలూ ఉన్నాయని గుర్తుంచుకోండి. చనిపోయిన ఎలుకలను కోసి చూసినప్పుడు, లోపభరితమైన తిండి తిన్నవాటిలో పొట్టకు సంబంధించిన జబ్బులతోపాటు ఊపిరితిత్తుల జబ్బులు మెండుగా కనిపించాయి. న్యుమోనియా, చీము, సాగిపోయిన శ్వాసనాళాలు. మంచి తిండి పొందిన వెయ్యికి పైగా ఎలుకల్లో అవి దాదాపు లేవు. రెండు గుంపుల గూళ్లూ ఒకే రకంగా శుభ్రంగా ఉండేవి కనుక తేడా తిండిదేనని మెకారిసన్ తేల్చాడు.

ఆయన చెప్పింది తప్పని నేననను. కానీ అది సగమే నిజమని నా అభిప్రాయం. తిండి బలహీనమైతే లొంగిపోయే ఊపిరితిత్తులు అవి. వాటిని లొంగదీసుకున్నది ఎవరు? దానికి జవాబు వేరేచోట దొరికింది.

నాజీల పాలనలో, 1933లో, ఎమ్మీ క్లీనెబెర్గర్ అనే యూదు శాస్త్రవేత్త ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొలువు పోగొట్టుకొని లండన్‌లోని లిస్టర్ సంస్థకు చేరింది. 1937లో ఆమె, సహచరి స్టీబెన్ కలసి జబ్బుపడిన ఎలుకల ఊపిరితిత్తుల నుంచి ఒక వింత సూక్ష్మజీవిని వేరుచేశారు. అది మామూలు బాక్టీరియా కంటే చాలా చిన్నది. దానికి కణం చుట్టూ గట్టి గోడ ఉండదు. దానికే తరువాత మైకోప్లాస్మా పల్మోనిస్ అన్న పేరు స్థిరపడింది. అయినా వివాదం తెగలేదు. అమెరికాలో జాన్ నెల్సన్ వంటి ఉద్దండులు దీర్ఘకాలపు ఎలుక న్యుమోనియాకు వైరస్ కారణమని చాలాకాలం నమ్మారు. 1971లో రస్సెల్ లిండ్సే బృందం ఈ ఒక్క సూక్ష్మజీవితోనే ఆ వ్యాధి మొత్తాన్ని కలిగించి చూపింది. అప్పటివరకు ఎన్ని ప్రయోగాల ఫలితాలు ఈ జబ్బు వల్ల తారుమారయ్యాయో ఎవరు లెక్కగట్టగలరు?

నా రెండో పొరపాటు ఇక్కడ అర్థమవుతుంది. అమాక్సిసిలిన్ పెన్సిలిన్ జాతి మందు. అది బాక్టీరియా గోడ కట్టుకోకుండా అడ్డుపడుతుంది. గోడే లేని క్రిమి మీద ఆ మందు ఏం చేస్తుంది? నేనిచ్చిన చుక్కలు ఆ ఎలుకకు మంచినీళ్లతో సమానం. దీనికి పనిచేసేవి టెట్రాసైక్లిన్ జాతి మందులు. వాటిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను 1948లో లోకానికి అందించింది అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల. దానిని నేలలోని సూక్ష్మజీవి నుంచి కనుగొన్నవాడు బెంజమిన్ డగ్గర్. అప్పుడు అక్కడి పరిశోధనకు సారథి మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. తెలుగువాడి కనుసన్నల్లో వెలువడిన మందుల కుటుంబం ఉండగా, తెలుగు ఊళ్లో తెలుగు డాక్టరు వేరే మందు ఇచ్చి చేతులు కాల్చుకున్నాడు.

ఆ సంగతులు నాకు ఒక్కరోజులో తెలిసినవి కావు. రెండో ఎలుక తుమ్మడం మొదలుపెట్టగానే, వైద్య కళాశాలలో నాతో చదివి, హైదరాబాదులో ప్రయోగ జంతువులతో పని చేస్తున్న మిత్రుడికి ఫోన్ చేశాను. కూనూరు ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. 1920 నుంచి కాపాడుకొస్తున్న విస్టార్ ఎలుకల వంశం కూడా దానితో ఇక్కడికి చేరింది. కనుక ఎలుకల సంగతులు తెలిసినవారికి ఆ నగరంలో కొదువ లేదు. నా మిత్రుడు మందు పేరు చెప్పకముందే ఒక ప్రశ్న వేశాడు. "పెట్టెలో తలపెట్టి వాసన చూశావా?"

చూశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పిల్లవాడి ఇంట్లో ఎలుకల కాపురం మూతగల పాత రేకు డబ్బాలో. పక్కనే బియ్యం మిల్లు ఉండడంతో అడుగున ఊక పరిచారు. మిర్యాలగూడ మొదలు మా ప్రాంతమంతా ఊకకు కరువేముంది! ఆ ఊక మూత్రంలో నానీ నానీ అమ్మోనియా ఆవిరి పైకి లేస్తోంది. మనం నిలబడి పీల్చే గాలి వేరు, నేల మీద ముక్కు ఆనించి అది పీల్చే గాలి వేరు.

1976లో లిండ్సే సహచరులతో కలసి ప్రకటించిన మరో పరిశోధన సరిగ్గా దీని గురించే. గాలిలో పదిలక్షల పాళ్లకు 25 నుంచి 250 పాళ్ల అమ్మోనియా ఉంటే చాలు, మైకోప్లాస్మా సోకిన ఎలుకల్లో జబ్బు తీవ్రమవుతుందని వారు చూపారు. శుభ్రం చేయని మామూలు గూళ్లలో ఆ మోతాదు చేరడం పెద్ద వింత కాదు. పెంపుడు ఎలుకల్లో దాదాపు అన్నిటిలోనూ ఈ క్రిమి ముందే ఉంటుంది. తల్లి నుంచి పిల్లలకు వస్తుంది. అది నిద్రపోతుందా లేస్తుందా అన్నది చాలావరకు గూటి గాలి మీద ఆధారపడి ఉంటుంది. మెకారిసన్ తిండిని చూశాడు, క్లీనెబెర్గర్ క్రిమిని చూసింది, లిండ్సే గాలిని చూశాడు. మోతెలో నేను మూడింటిలో ఏదీ చూడలేదు.

ఇక మీ ఇంట్లో ఎలుకను పెంచుతున్నవారు గమనించవలసినవి చెబుతాను. ఎలుక ముక్కుతోనే శ్వాసిస్తుంది, మనలా నోటితో సర్దుకోలేదు. కాబట్టి నోరు తెరిచి గాలి కోసం తపిస్తోందంటే అది అత్యవసర స్థితి, తెల్లవారేదాకా ఆగవద్దు. నిద్రపోతున్నప్పుడు డొక్కలు ఎగరడం లెక్కపెట్టండి. నిమిషానికి 70 నుంచి 115 వరకు మామూలే. ప్రతి శ్వాసకూ డొక్కలు లోపలికి పీక్కుపోతుంటే, గరగర చప్పుడు వినిపిస్తుంటే, నడుము వంచి ముడుచుకొని కూర్చుంటే, బరువు తగ్గుతుంటే పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లండి. తల ఒకవైపుకు వాలిపోతే అదే క్రిమి లోపలి చెవిదాకా పోయి ఉండవచ్చు. కొత్త చోటికి వచ్చిన రోజున నాలుగు తుమ్ములు తుమ్మితే మాత్రం కంగారు పడనక్కరలేదు.

మందు విషయంలో నా తప్పు మీరు చేయవద్దు. మనుషుల మందుల డబ్బా తెరిచి చుక్కలు లెక్కపెట్టవద్దు. డాక్సీసైక్లిన్‌గాని, ఎన్రోఫ్లాక్సాసిన్‌గాని పశువైద్యుడు బరువు తూచి నిర్ణయించవలసిన మందులు. నీళ్ల సీసాలో కలిపితే చేదుకు తాగడం మానేస్తుంది, ఎంత లోపలికి పోయిందో తెలియదు. సూది లేని చిన్న సిరంజితో నోటి పక్కన పెట్టి ఇవ్వడమే మేలు. డాక్సీసైక్లిన్‌ను పాలలో కలపవద్దు. ఏ మందైనా ఈ క్రిమిని పూర్తిగా తుడిచిపెట్టదు, నెమ్మదింపజేస్తుంది, అంతే. అందుకే గూటి మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. గాలి ఆడే తీగల గూడు ఉండాలి గాని గాజు తొట్టి, రేకు డబ్బా పనికిరావు. దుమ్ము లేచే ఊక, ఘాటైన దేవదారు రంపపు పొట్టు మాని కాగితం ముక్కలు పరచండి. తడిసినచోట రోజూ తీసేయండి. గూడు ఉన్న గదిలో దోమల చక్రం, అగరువత్తి, ఫినాయిలు వద్దు. కొత్త ఎలుకను తెస్తే రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచండి. ఎలుక దగ్గు మనిషికి అంటుతుందేమోనని అడిగేవారున్నారు. ఈ క్రిమి మనుషులకు జబ్బు తెస్తుందని తెలియదు. అయితే ఎలుక కరిస్తే, లేదా పొలం ఎలుకలతో కలిసి తిరిగితే వేరే జబ్బులుంటాయి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఆ రెండో ఎలుకకు రేకు డబ్బా పోయి, కోళ్ల గూటికి వాడే సన్నటి తీగ వలతో వాళ్ల నాన్న గూడు కట్టాడు. సూర్యాపేటలోని పశువైద్యుడు ఒకరు, ఇంతకు ముందెన్నడూ ఎలుకను తూచలేదని నవ్వుతూనే డాక్సీసైక్లిన్ మోతాదు రాసిచ్చారు. తుమ్ములు పూర్తిగా పోలేదు. వాన పడ్డ వారమల్లా తిరిగి వచ్చేవి. ఆ పిల్లవాడు ప్రతి ఆదివారం పొద్దున్నే ఎలుకను చిన్న గిన్నెలో కూర్చోబెట్టి కిరాణా కొట్టుకు తీసుకెళ్లేవాడు. శెట్టిగారు బెల్లం తూచే త్రాసులో దాన్ని తూచి, బరువు ఒక చీటీ మీద రాసి ఇచ్చేవారు. నాలుగో ఆదివారానికి ఆ చీటీలన్నీ పట్టుకొని పిల్లవాడు నా దగ్గరికి వచ్చాడు. మొదటిదాని మీద 230 అని ఉంది. చివరిదాని మీద 265.