ఆపి స్టార్ట్ చేస్తే బాగైపోయే బండి

మన ఫీల్డులో ఉన్నవాళ్ళందరికీ ఒక సర్వరోగనివారిణి తెలుసు. సర్వర్ మొండికేస్తే రీస్టార్ట్, ఫోన్ మొండికేస్తే రీస్టార్ట్. అదే మందు పనిచేసిన ఒక వ్యాన్ కథ చెప్తా ఈ టపాలో. ఆ వ్యాన్ పేరు వ్యానగన్. దాని రోగానికి కూడా బండి పేరే పెట్టేశారు జనం: వ్యానగన్ సిండ్రోమ్.

ముందు బండి జాతకం. ఫోక్స్‌వ్యాగన్ వాడు ఇంజిన్ వెనకాల ఉండే ఈ వ్యాన్లని 1950లో మొదలెట్టాడు. మరుసటి ఏడాది నుంచే వెస్ట్‌ఫాలియా అనే ఇంకో జర్మన్ కంపెనీ వాటిలో మంచం, అలమరా గట్రా అమర్చి చక్రాల మీద ఇల్లుగా మార్చడం మొదలెట్టింది. మూడో తరం 1979లో వచ్చింది. అమెరికాలో దాన్నే వ్యానగన్ అని 1991 మోడల్ దాకా అమ్మారు. 1986 మోడల్ నుంచి అక్కడి బళ్ళకి 2.1 లీటర్ల ఇంజిన్, దానికి డిజిఫాంట్ అనే డిజిటల్ కంట్రోల్ వచ్చాయి. మన కథానాయకుడు ఇదే.

రోగం ఇలా ఉండేది. హైవే మీద గంటో రెండు గంటలో ఒకే వేగంతో పోతుంటారు. ఉన్నట్టుండి ఇంజిన్ జర్కులు కొడుతుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా పికప్ రాదు. పక్కకి తీసి, ఇంజిన్ ఆపి, మళ్ళీ స్టార్ట్ చేస్తే... ఏమీ జరగనట్టు నడుస్తుంది! షెడ్డుకి తీసుకెళ్తే బండి బుద్ధిమంతురాలు. "మా దగ్గర బాగానే ఉంది కదండీ" అని పంపించేస్తారు. ఈ డైలాగు మనకి కొత్తేం కాదు కదా.

ఇదెందుకొచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. పాత బళ్ళలో పెట్రోలు, గాలి కలపడం కార్బురేటర్ పని. అందులో జెట్టు మూసుకుపోయినా, ఫ్లోట్ ఇరుక్కున్నా విప్పి చూస్తే కంటికి కనిపిస్తుంది. పొగమీద అమెరికాలో చట్టాలు బిగుసుకునేసరికి ఆ అంచనా లెక్కలు సరిపోలేదు. 1967లో బాష్ కంపెనీ డి-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ని ఫోక్స్‌వ్యాగన్ 1600 కారులో తెచ్చింది. తర్వాత 1970లలో ఎల్-జెట్రానిక్ వచ్చింది. ఇందులో ఎల్ అంటే జర్మన్‌లో లుఫ్ట్, అంటే గాలి. 1975 మోడల్ నుంచి అమెరికాలో అమ్మిన వ్యాన్లకి ఇదే పెట్టారు. మన దేశంలో 2000 ప్రాంతంలో కార్ల వెనక ఎమ్‌పీఎఫ్‌ఐ అని గొప్పగా అక్షరాలు అంటించుకున్నారే, అదీ ఈ ఇంజెక్షన్ జాతిదే.

గాలిని కొలిచే పద్ధతి చాలా సింపుల్. గాలి వెళ్ళే దారిలో స్ప్రింగు బిగించిన ఒక రెక్క ఉంటుంది. గాలి ఎక్కువైతే ఎక్కువ తెరుచుకుంటుంది. రెక్కతో పాటు ఒక సన్నటి ముల్లు కార్బన్ పట్టీ మీద జరుగుతుంది. అచ్చం పాత రేడియోలో వాల్యూమ్ బటన్ లాగా. ముల్లు ఎక్కడుందో దాన్నిబట్టి వోల్టేజీ, వోల్టేజీని బట్టి ఎంత పెట్రోలు పొయ్యాలో కంప్యూటర్ లెక్క. డిజిఫాంట్‌లో కంప్యూటర్ డిజిటల్ అయింది కానీ, ఈ రెక్కా ముల్లూ మాత్రం అలాగే మిగిలాయి.

ఇప్పుడు ఆలోచించండి. బరువైన వ్యాన్, చిన్న ఇంజిన్, పొడుగాటి హైవే. గంటల తరబడి ఒకే వేగం అంటే ముల్లు కూడా ఒకే చోట వణుకుతూ కూర్చుంటుంది. ఆ చోట పట్టీ అరుగుతుంది. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగరమనే చోటు ఉంటుంది చూశారా, అదే ఇది. కంప్యూటర్‌కి ఆ గరగరే గాలి లెక్క! ఇంజిన్ ఆపగానే రెక్క మూసుకుంటుంది, ముల్లు కదులుతుంది, కంప్యూటర్ మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడుతుంది. రోగంతో పాటు సాక్ష్యం కూడా పోతుంది.

కంపెనీ చివరికి ఏం చేసిందంటే, మీటర్‌కీ వైరింగ్‌కీ మధ్యలో తగిలించడానికి కెపాసిటర్ ఉన్న చిన్న వైరు ముక్క ఒకటి ఇచ్చింది. సిగ్నల్లో వచ్చే ఎగుడుదిగుళ్ళని అది చదును చేస్తుంది. మన భాషలో నాయిస్ ఫిల్టర్. చాలా బళ్ళు బాగుపడ్డాయి కూడా. కానీ అరిగిన పట్టీ అరిగినట్టే ఉంది. కొందరు ఓనర్లు మీటర్ మూత ఊడదీసి, పట్టీ ఉన్న పలకని ఓ వెంట్రుకవాసి జరిపి, ముల్లు కొత్తచోట నడిచేలా చేసుకున్నారు. నన్నడిగితే అసలు జబ్బు దగ్గరికి వెళ్ళింది వీళ్ళే.

చిత్రమేంటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే, 1985లో, టాండెమ్ కంపెనీలో పనిచేసే జిమ్ గ్రే కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయో ఒక పేపర్ రాశాడు. మళ్ళీ నడిపితే మాయమైపోయే తప్పుల్ని అందులో హైజెన్‌బగ్స్ అన్నాడు. సాఫ్ట్‌వేర్లో ఇలాంటివే ఎక్కువ మిగులుతాయన్నాడు. ఆ మరుసటి ఏడాది మోడల్‌తోనే పెట్రోలు వాసన కొట్టే హైజెన్‌బగ్ ఒకటి రోడ్డెక్కిందన్నమాట.

ఇంకో తిరకాసు ఉంది. పికప్ పోయిన ప్రతి వ్యానగన్‌దీ ఈ రోగం కాదు. అందుకే పాతకాపులు "రీస్టార్ట్ చేస్తే బాగైందా?" అని అడిగి ఊరుకోరు. "ఎంతసేపటికి బాగైంది?" అని కూడా అడుగుతారు. ఆపి వెంటనే స్టార్ట్ చేస్తే మామూలైపోయిందా? గాలి మీటర్ మీద అనుమానం. కొన్ని నిమిషాలు ఆగాల్సి వచ్చిందా? ట్యాంకులో చెత్త గొట్టానికి అడ్డుపడి, ఇంజిన్ ఆగాక కిందకి జారిపోయి ఉండొచ్చు. పూర్తిగా చల్లారితేగానీ కదల్లేదా? డిస్ట్రిబ్యూటర్లో ఉండే హాల్ సెన్సార్ వేడికి చచ్చిపోతూ ఉండొచ్చు. ట్యాకోమీటర్ ఉన్న బండైతే, గేర్లో దొర్లుతుండగానే దాని ముల్లు ఠక్కున సున్నాకి పడిపోయిందా అన్నది కూడా గొప్ప సాక్ష్యం. పడితే ఇగ్నిషన్ వైపు చూడాలి. ఇవన్నీ కాక తుప్పు పట్టిన ఎర్త్ కనెక్షన్ ఉండనే ఉంది. అడగాల్సినవి అడక్కుండా వరసపెట్టి పార్టులు మారిస్తే ఓనర్ జేబు ఖాళీ. రోగం అక్కడే.

ఆ వ్యానగన్లలో, కాలిఫోర్నియా కోసం చేసిన కొన్నిటిని పక్కన పెడితే, తప్పుల్ని గుర్తుపెట్టుకునే మెమరీయే లేదు. సాక్షి డ్రైవర్ ఒక్కడే. అతని మాట షెడ్డులో చెల్లదు. 1988 మోడల్ నుంచి కాలిఫోర్నియాలో, 1996 మోడల్ నుంచి అమెరికా అంతటా కార్లలో స్వీయపరీక్ష తప్పనిసరి అయింది. అలా తప్పనిసరైన ఓబీడీ-2లో ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటుంది. తప్పు పట్టుబడ్డ క్షణాన వేగమెంత, ఇంజిన్ వేడెంత అని రాసి పెట్టుకుంటుంది. మన ఎర్రర్ లాగే అది. ఇదేమీ షెడ్డు నుంచి వట్టిచేతులతో తిరిగొచ్చిన ఓనర్ల మీద జాలితో తెచ్చింది కాదండోయ్, పొగ చట్టాల కోసం తెచ్చింది. అయినా లాభపడింది మాత్రం వాళ్ళే.

ఈ చరిత్ర చదివాక నాకు అర్థమైంది ఒకటే. కార్బురేటర్ తీసేసి కంప్యూటర్ పెట్టిన రోజే ఆ మెమరీ కూడా పెట్టాల్సింది. తప్పుని కంటికి కనబడని చోటికి తీసుకుపోయినవాడే దాని ఆనవాలు మిగిల్చే బాధ్యత కూడా తీసుకోవాలి. చాలా ఏళ్ళు ఆ బాధ్యత చాలామంది తీసుకోలేదు. ఖర్చు రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ళు పెట్టుకున్నారు. ఈసారి ఎవరైనా యూజర్ "అప్పుడప్పుడూ ఆగిపోతోందండీ" అంటే, "మా దగ్గర బాగానే ఉంది" అని టికెట్ మూసేసే ముందు, మనం రాసిన కోడు ఆ క్షణాన ఏం రాసి పెట్టిందో ఒకసారి చూద్దాం. ఏమీ రాయకపోతే తప్పు యూజర్‌ది కాదు కదా?