కళ్ళజోడు మహిమ

పుస్తకం పడితే నిద్ర, బంతి పడితే హుషారు – చిన్నప్పుడు మా అన్నయ్య తీరు ఇదేనట! 1983 జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద మనవాళ్ళు 17 పరుగులకే అయిదు వికెట్లు పోగొట్టుకుంటే, కపిల్ దేవ్ 175 కొట్టి గట్టెక్కించాడు. ఆ మ్యాచ్‌ని ఏ టీవీ కెమెరా తీయలేదు. ఎలా ఆడాడో తెలియాలంటే పేపరు చదవాల్సిందే!

అమ్మ ఊరుకుంటుందా? "కళ్ళజోడు కనబడట్లేదురా నాన్నా, నువ్వే చదివి చెప్పు" అంది. అన్నయ్య కూడబలుక్కుంటూ చదివాడు. జూన్ 25న మనం కప్పు గెలిచేసరికి ఆటల పేజీ చాలక పక్క పేజీలూ తిరగేశాడు.

కళ్ళజోడు అమ్మ కొంగుముడిలోనే ఉందని మాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. పిల్లలు చదవడం లేదని బెంగపడే ముందు, వాళ్ళు దేని వెనక పరిగెడుతున్నారో ఓసారి చూద్దామా?