పౌరహక్కుల సంఘాలు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చరిత్ర, రాజకీయ మొగ్గు

ప్రభుత్వంలోనూ ఎన్నికల్లోనూ భాగం కాకుండా, లాభం ఆశించకుండా, జనం హక్కుల కోసం గట్టిగా మాట్లాడే సంఘాలు ఉత్తరాంధ్రలో సుమారు యాభై ఏళ్లుగా పనిచేస్తున్నాయి. ఘటన జరిగిన ఊరికి వెళ్లి నిజనిర్ధారణ చేయడం, కరపత్రం వేయడం, పత్రికలవాళ్లను పిలిచి చెప్పడం, అవసరమైతే హైకోర్టులో పిటిషన్ వేయడం వీటి పని. ఈ సంఘాలు ఊళ్లోకి అడుగుపెట్టగానే పోలీసులూ, నాయకులూ, ఒక్కోసారి బాధితులూ అడిగే మొదటి ప్రశ్న ‘మీరు ఏ పార్టీ?’ అని. దీనికి సంఘాలు ఒక్కో కాలంలో ఒక్కో జవాబు చెప్పుకున్నాయి. ఆ జవాబు కోసం ఒక పెద్ద సంఘం రెండుగా చీలిపోయింది కూడా.

ముందటి తరం

అమెరికాలో 1920లో ఏర్పడిన పౌర స్వేచ్ఛల సంఘం (ఏసీఎల్‌యూ) ఈ తరహా సంస్థల్లో పేరున్నది. మన దేశంలో జవహర్‌లాల్ నెహ్రూ చొరవతో 1936లో భారత పౌర స్వేచ్ఛల సంఘం మొదలైంది. రవీంద్రనాథ్ ఠాగూర్ దానికి గౌరవాధ్యక్షులు. స్వాతంత్ర్యం వచ్చాక అది నిలబడలేదు. నిన్నటిదాకా జైల్లో ఉన్నవాళ్లే అధికారంలోకి వచ్చారు కనుక, ప్రభుత్వాన్ని ప్రశ్నించే సంఘం ఇక ఎందుకన్న భావన అప్పట్లో బలంగా ఉండేది.

శ్రీకాకుళం ప్రాంతంలో మాత్రం హక్కుల మాట మొదట రైతు సంఘం నోటి నుంచే వినిపించింది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ వెంటనే ఏప్రిల్ 1న మందసా జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పుల్లో సాసుమాన గున్నమ్మ మరణించింది. ఆ ఊరున్న ఉద్దానం ప్రాంతపు జనం ఆమెను వీరగున్నమ్మగా ఇప్పటికీ తలుచుకుంటారు.

గిరిజన సంఘం, లేవిడి

1950ల చివరి నుంచి పార్వతీపురం ఏజెన్సీలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు ఉపాధ్యాయులు జాతాపు, సవర గిరిజనుల ఊళ్లను గిరిజన సంఘంగా కూడగట్టారు. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న గానీ ఏర్పడలేదు కాబట్టి పార్వతీపురం, సాలూరు అప్పటికి శ్రీకాకుళం జిల్లాలోనివే. షావుకార్ల అప్పుల లెక్కలు తేల్చమని, వెట్టి మాన్పించమని, కూలి పెంచమని, పోడు భూమి మీద అటవీశాఖ వేధింపులు ఆపమని గిరిజన సంఘం అడిగింది. ఇవన్నీ చట్టానికి లోబడిన కోరికలే. నాయకులు కమ్యూనిస్టులన్న సంగతి ఎవరూ దాచలేదు, దాచే అవసరమూ వాళ్లకు కనిపించలేదు.

1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో సంఘం సభకు వెళ్తున్న గిరిజనులపై లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. మరుసటి ఏడాది కోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. సంఘాలు, అర్జీలు, కోర్టులు అన్న దారి మీద కొండల్లో నమ్మకం సడలడానికి ఈ తీర్పు పెద్ద కారణం. 1968 నవంబరులో సాయుధ పోరాటం మొదలైంది. 1970 జూలైలో సత్యం, కైలాసం పోలీసుల చేతిలో చనిపోయారు. ‘ఎన్‌కౌంటర్’ అన్న మాట తెలుగు జనానికి బాగా పరిచయమైంది ఆ రెండేళ్లలోనే. గిరిజనుల భూమి గిరిజనేతరులకు దక్కకుండా కట్టడి చేసిన 1/70 నిబంధన వచ్చిందీ ఆ సమయంలోనే.

పుట్టుక

ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం (ఏపీసీఎల్‌సీ) 1974లో ఏర్పడింది. విశాఖలో పుట్టిన శ్రీశ్రీ తొలి అధ్యక్షుడు. ప్రజాస్వామిక హక్కుల పరిరక్షణ సంస్థ (ఓపీడీఆర్) 1975లో వచ్చింది. రెండింటి వెనుకా విప్లవ కమ్యూనిస్టుల్లోని వేర్వేరు పాయల సానుభూతిపరులు ఉన్నారు. కొండల్లో జరిగిన కాల్పులు, ఆ సాయుధ పోరాటంపై పెట్టిన పార్వతీపురం కుట్రకేసులో ఏళ్ల తరబడి సాగిన విచారణ వీటికి నేపథ్యం. ఆ కేసులో ముద్దాయిల తరఫున వాదించిన న్యాయవాదుల్లో కె.జి. కన్నబిరాన్ ఒకరు. ఆయన 1978 నుంచి పదిహేనేళ్లకు పైగా ఏపీసీఎల్‌సీ అధ్యక్షుడుగా ఉన్నారు.

ఎమర్జెన్సీ ముగిశాక జయప్రకాశ్ నారాయణ్ (జేపీ) చొరవతో వి.ఎం. తార్కుండే నాయకత్వంలో ఒక కమిటీ 1977లో రాష్ట్రంలోని ఎన్‌కౌంటర్లపై విచారణ జరిపింది. దాని నివేదికల ఒత్తిడితో ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్‌ను వేసింది. విచారణ రహస్యంగా జరగాలని ప్రభుత్వం పట్టుబట్టాక కమిటీ అందులోంచి తప్పుకుంది. కన్నబిరాన్ ఈ పని అంతటిలోనూ ఉన్నారు. తార్కుండే మార్క్సిస్టు కారు, జేపీ అనుచరులూ కారు. భిన్న భావాలవాళ్లు ఒకే పని మీద కలిశారు కాబట్టే ఆ నివేదికలకు దేశమంతటా విలువ దక్కింది.

చీలిక

1983 నుంచి 1997 దాకా ఏపీసీఎల్‌సీ ప్రధాన కార్యదర్శిగా ఉన్న కె. బాలగోపాల్ ఈ కథలో మలుపు తెచ్చిన మనిషి. సంఘం ఆ కాలంలో రక్తం చిందించింది. వరంగల్‌లో డాక్టర్ రామనాథంను 1985లో, నర్రా ప్రభాకర్ రెడ్డిని 1991లో చంపేశారు. తర్వాత హైదరాబాద్‌లో పురుషోత్తం 2000లో, నల్లగొండలో ఆజం అలీ 2001లో హత్యకు గురయ్యారు. ఈ చివరి రెండు హత్యలకు ముందే, అంత నష్టం మధ్యనే, సంఘంలో ఒక ప్రశ్న మొదలైంది: నక్సలైట్లు ఇన్‌ఫార్మర్ అని ముద్రవేసి ఒక పేదవాణ్ని చంపితే, ఆ చావు గురించి హక్కుల సంఘం మాట్లాడాలా వద్దా?

రాజ్యహింసకూ ప్రతిఘటనకూ ఒకే తూకం పెట్టకూడదని ఒక పక్షం అంది. హక్కు అన్నది మనిషికి చెందేది, ఉద్యమానికి కాదు, కాబట్టి ఎవరు హరించినా అడగాల్సిందేనని బాలగోపాల్, ఆయన మిత్రులు అన్నారు. వాళ్లు బయటికి వచ్చి 1998 అక్టోబరులో మానవ హక్కుల వేదిక (హెచ్‌ఆర్‌ఎఫ్) పెట్టారు. కులం, స్త్రీలపై హింస, పర్యావరణ విధ్వంసం, భూసేకరణ కూడా హక్కుల పరిధిలోకి వచ్చాయి. ఈ చీలిక వల్ల ఉద్యమం బలహీనపడిందన్న వాదన ఇప్పటికీ ఉంది. ఈ వ్యాసకర్త దృష్టిలో మాత్రం ఉత్తరాంధ్రలో తర్వాత జరిగిన పనికి అదే దారి తీసింది. పార్టీ అండ లేని జాలరి, బీల (చిత్తడి నేల) రైతు తమవాళ్లని నమ్మగలిగే సంఘం అప్పటికి గానీ తయారు కాలేదు.

ఇలాంటి పరీక్షే అమెరికా సంఘానికీ ఎదురైంది. 1977లో ఇల్లినాయ్‌లోని స్కోకీ అనే ఊళ్లో ఊరేగింపు తీస్తామన్న నాజీల వాక్‌స్వేచ్ఛ కోసం ఏసీఎల్‌యూ కోర్టులో వాదించింది. వేలమంది సభ్యులు కోపంతో సంఘం వదిలి వెళ్లిపోయారు.

సోంపేట, కాకరాపల్లి

సోంపేట దగ్గర బీల అంటే వానాకాలం నీరు నిలిచే చిత్తడి నేల. వ్యవసాయం, చేపల వేట, పశువుల మేత అన్నీ దాని మీదే. అక్కడ 2640 మెగావాట్ల థర్మల్ కేంద్రం కట్టడానికి నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి ప్రభుత్వం 2008లో భూమి కేటాయించింది. కాగితాల్లో అది పనికిరాని బీడు. స్థానికంగా పర్యావరణ పరిరక్షణ సంఘం పుట్టింది. కేంద్ర ప్రభుత్వంలో కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మ, మానవ హక్కుల వేదిక వాళ్లు పక్కన నిలిచారు. రెవెన్యూ రికార్డులో ఏముంది, నేలమీద ఏముందన్న తేడాను చూపించడమే వీళ్లు చేసిన అసలు పని.

2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో రైతులు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఏడు నెలలకే, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ థర్మల్ కేంద్రాన్ని వ్యతిరేకించిన జనంపై మళ్లీ కాల్పులు జరిగాయి. అక్కడి చిత్తడి నేలను తంపర అంటారు. పక్షులు వలస వచ్చే తేలినీలాపురం దానికి దగ్గరే.

ఈ రెండు పోరాటాలకూ వామపక్షాలు మద్దతిచ్చాయి, అప్పట్లో ప్రతిపక్షంలో ఉన్న పెద్ద పార్టీల నాయకులూ వచ్చి పరామర్శించారు. అయినా నిరసన శిబిరాల్లో కూర్చున్న వాళ్లలో అన్ని పార్టీలకూ ఓటేసేవాళ్లు ఉన్నారు. హక్కుల సంఘాలు వేదిక మీద కన్నా కేసుల కాగితాల దగ్గరే ఎక్కువ ఉపయోగపడ్డాయి.

నిధులు, చట్టం

అమెరికాలో పన్ను మినహాయింపు పొందే ధార్మిక సంస్థలు ఏ అభ్యర్థి తరఫునా ప్రచారం చేయకూడదని 1954 నుంచి చట్టం ఉంది. మన దగ్గర అదుపు ఎక్కువగా విదేశీ విరాళాల చట్టం ద్వారా సాగుతోంది. 1976లో వచ్చిన ఈ చట్టాన్ని 2010లో తిరగరాసి, రాజకీయ స్వభావం గల సంస్థలకు విదేశీ నిధులు నిషేధించారు. పార్టీ రాజకీయాలతో సంబంధం లేకుండా జనం కోసం బంద్, ధర్నా వంటివి చేసే సంస్థలను అలా ముద్రవేసి ఆపకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మానవ హక్కుల వేదిక సభ్యుల చందాల మీదే నడుస్తుంది కాబట్టి ఈ చట్టం బెడద దానికి తక్కువ.

కొవ్వాడ

రణస్థలం మండలం కొవ్వాడలో తలపెట్టిన అణువిద్యుత్ కేంద్రం దగ్గర మొగ్గు ప్రశ్న మరో రూపంలో వచ్చింది. అక్కడ పెట్టదలచినవి అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు. హక్కుల సంఘాలు, శర్మ వంటివారు అణువిద్యుత్తునే వద్దన్నారు. ఊరివాళ్లలో చాలామంది మాత్రం పరిహారం ఎంత, ఇల్లు ఎక్కడ, సముద్రానికి ఎంత దూరం అని అడిగారు. వేటకు వెళ్లేవాడికి ఆ మూడో ప్రశ్నే బతుకు.